షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు, కళ్లు, కిడ్నీలు: దగ్గర్లోని హెల్త్ సెంటర్‌తోనే కాపాడుకోవడం ఎలా?

మీ షుగర్ ఎంత అని అడిగితే విజయవాడలోనైనా గుంటూరులోనైనా చాలామంది టక్కున చెప్పేస్తారు. పరగడుపున ఇంత, తిన్నాక ఇంత, మొన్న సంక్రాంతికి ఇంత ఉండేది అని పాత అంకెలు కూడా నోటికొస్తాయి. అదే మనిషిని మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత, కంట్లో చుక్కలు వేసి కంటి వెనక పొర రెటీనా చూసి ఎన్నాళ్లయింది, చెప్పులు విప్పించి పాదాలు చూసిన డాక్టరు ఎవరు అని అడగండి. తెల్లమొహం వేస్తారు. షుగర్ వల్ల కాలు తీసేయడం, డయాలసిస్, చూపు పోవడం దాకా వెళ్లిన ఇళ్లలో కదిపి చూస్తే, ఈ రెండో రకం ప్రశ్నలు ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదని తెలుస్తుంది.

2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, షుగర్ అంచున ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్లు. ఇంతమందికి స్పెషలిస్టులు ఎక్కడ సరిపోతారు? అందరికీ అక్కర్లేదు కూడా. ఏడాదిలో చేయించుకోవాల్సిన వాటిలో రెటీనా పరీక్ష ఒక్కటి పక్కన పెడితే, మిగతావి దాదాపు అన్నీ ఒక ఎంబీబీఎస్ డాక్టరు, ఒక నర్సు, చిన్న ల్యాబు ఉంటే అయిపోయేవే. మన చిక్కేమిటంటే అక్కడికి వెళ్లి బిళ్లలు సంచిలో వేసుకుని వచ్చేస్తాం. అడగాల్సినవి అడగం. ఏం అడగాలో, ఇంట్లో ఏం చేసుకోవాలో వరసగా చెప్తాను. ఇదంతా టైప్ 2 షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం. గర్భిణులకు, పిల్లల్లో వచ్చే టైప్ 1కి లెక్కలు వేరు.

1. ఒక చోటు, ఒక ఫైలు

విజయవాడలో షుగర్ ఉన్న మనిషికి తరచుగా ముగ్గురు నలుగురు డాక్టర్లు ఉంటారు. షుగర్‌కి సూర్యారావుపేటలో ఒకరు, మోకాళ్లకు ఇంకొకరు, జ్వరమొస్తే సందు చివర ఆర్ఎంపీ, నొప్పులకు మెడికల్ షాపు కుర్రాడు. గుంటూరులోనూ కొత్తపేట, అరండల్‌పేటల్లో ఇదే తంతు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలీదు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల్లో ఉండి, ఆ రెండూ మింగేసేవాళ్లు నాకు తెలిసిన ఇళ్లలోనే ఉన్నారు.

కాబట్టి మొదట ఒక చోటు ఖాయం చేసుకోండి. టౌన్‌లో అయితే మీ డివిజన్‌లోని అర్బన్ హెల్త్ సెంటర్, పల్లెలో అయితే పీహెచ్‌సీ, దాని కింద ఊళ్లో ఉండే హెల్త్ క్లినిక్. ప్రైవేటే ఇష్టమైతే ఇంటికి దగ్గర్లో ఉండి, ఓపిగ్గా మాట్లాడే ఎంబీబీఎస్ డాక్టరు చాలు. మీ వీధి ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఎవరో కనుక్కుని ఫోన్ నంబర్ తీసుకోండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ ఉచితంగా చూడటం జాతీయ కార్యక్రమంలో భాగం. ఇంట్లో షుగర్ లేనివాళ్లను కూడా అదే రోజు తీసుకెళ్లండి.

ఇక ఫైలు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. మొదటి పేజీలో పేరు, వయసు, షుగర్ ఏ సంవత్సరంలో బయటపడింది, పడని మందులు, గతంలో చేసిన ఆపరేషన్లు. రెండో పేజీలో ఇప్పుడు వాడుతున్న మందులన్నీ రాయండి. కంపెనీ పేరు కాకుండా స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయాలి. ఆయుర్వేదం పొడులు, నొప్పి బిళ్లలు, నిద్ర బిళ్లలు కూడా దాచకుండా రాయండి. మూడో పేజీ నుంచి ప్రతిసారి తేదీ, బరువు, బీపీ, షుగర్, డాక్టరు ఏం మార్చారు అనేది. ల్యాబ్ కాగితాలు వెనక అట్టకు ప్లాస్టిక్ కవర్ అంటించి అందులో పెట్టండి. ఫోన్‌లో ఫొటోలున్నాయి కదా అనుకోవద్దు. ఓపీలో మీకు దొరికేది నాలుగైదు నిమిషాలు, అందులో సగం ఫొటో వెతకడానికే పోతుంది.

2. ఏడాది క్యాలెండర్ గోడకు తగిలించండి

డాక్టరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ బీపీ, బరువు, పాదాలు చూడాలి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి, నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందో చెప్పే ఏసీఆర్, కిడ్నీ పనితీరు కోసం రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్, రెటీనా, పాదాల్లో స్పర్శ పరీక్ష, పళ్లు. జాబితా ఇంతే.

తేదీలు ఎవరికీ గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. ఉగాది ముందు వారం రక్తం, మూత్రం పరీక్షలు పెట్టుకోండి. ఎండలు ముదిరేలోపు అయిపోతాయి. వినాయక చవితి దాటాక కళ్లు. దసరా ముందు పాదాలు, అది ఎందుకో కింద చెప్తాను. ఇంట్లో ఇద్దరికి షుగర్ ఉంటే ఇద్దరివీ కలిపేయండి.

3. అంకెలు చదవడం నేర్చుకోండి

హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 లోపు ఉండాలి. 75 ఏళ్ల పెద్దాయనకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు డాక్టరు 8 దాకా చాలంటే నిర్లక్ష్యం అనుకోకండి, ఆ వయసులో షుగర్ పడిపోవడమే పెద్ద ప్రమాదం. ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు అన్నది మామూలు గురి.

రేపు షుగర్ టెస్ట్ అంటే ఇవాళ రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టే పద్ధతి మన ఇళ్లలో బాగా ఉంది. రిపోర్ట్ బాగా వస్తుంది, డాక్టరు మెచ్చుకుంటారు, సాయంత్రానికి పునుగుల బండి దగ్గర పార్టీ. హెచ్‌బీఏ1సీ ముందు ఈ ఎత్తు పారదు, మూడు నెలల కథ అంతా చెప్పేస్తుంది. ఇంకో అలవాటు, టెస్ట్ రోజు పొద్దున బిళ్ల మానేయడం. తిన్న తర్వాత షుగర్ చూసేది ఆ బిళ్ల సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికే. తిన్నాక చూసే పరీక్షకు రోజూ వేసుకునేట్టే వేసుకుని, రోజూ తినేదే తిని వెళ్లండి.

హెచ్‌బీఏ1సీకి ఒక మెలిక ఉంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఈ మధ్యే రక్తం పోయినా, ఎక్కించుకున్నా తక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే కాబట్టి, ఇంట్లో మిషన్ చెప్పే అంకెలకూ దీనికీ పొంతన కుదరకపోతే హిమోగ్లోబిన్ చూడమని అడగండి.

ఈ అంకె కాస్త తగ్గినా లాభం చిన్నది కాదు. బ్రిటన్‌లో వేలమంది రోగులను ఏళ్ల తరబడి గమనించిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, హెచ్‌బీఏ1సీ ఒక్క పాయింట్ తక్కువ ఉన్నవాళ్లలో కళ్లు, కిడ్నీల వంటి సన్న రక్తనాళాల సమస్యలు 37 శాతం తక్కువగా కనిపించాయి. 9 నుంచి 8కి వచ్చినా సంతోషించండి. 7కి రాలేదని విసుగొచ్చి మొత్తం వదిలేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

బీపీ 130/80 లోపు ఉంటే మంచిది. మెట్లెక్కి వచ్చి, టీ తాగి, నిలబడే చెయ్యి చాపితే వచ్చేది మీ బీపీ కాదు. ఐదు నిమిషాలు కుర్చీకి ఆనుకుని కూర్చుని, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా చూపించుకోండి. రద్దీలో సిస్టరు హడావుడి పడుతుంటే "ఒక్క ఐదు నిమిషాలు కూర్చుంటానమ్మా" అని మీరే చెప్పండి. 40 ఏళ్లు దాటిన షుగర్ పేషెంటుకు కొలెస్ట్రాల్ మామూలుగానే ఉన్నా గుండె కోసం స్టాటిన్ బిళ్ల రాస్తారు. కొలెస్ట్రాల్ లేదుగా, ఇదెందుకు అని మానేయకండి.

4. కిడ్నీకి క్రియాటినిన్ ఒక్కటే చాలదు

చాలా ల్యాబ్ కాగితాల్లో క్రియాటినిన్ 1.2 దాకా నార్మల్ అని ఉంటుంది. 65 ఏళ్ల ఆవిడకు 1.2 వచ్చింది, నార్మలేగా అని ఇంటికొచ్చేస్తారు. వయసు, ఆడా మగా లెక్కలోకి తీసుకుని ఈజీఎఫ్ఆర్ కడితే ఆవిడ కిడ్నీలు వడగట్టే శక్తి 50 దగ్గరే తేలుతుంది. అదే 1.2 ముప్పై అయిదేళ్ల కుర్రాడికి వస్తే 80 ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే కిడ్నీ జబ్బు కింద లెక్క. అందుకని క్రియాటినిన్ చేయించిన ప్రతిసారీ "ఈజీఎఫ్ఆర్ ఎంత సార్?" అని అడిగి ఫైలులో రాయించుకోండి.

దానికంటే ముందే మోగే గంట మూత్రంలో ఆల్బుమిన్. యూరిన్ ఏసీఆర్ అని అడగాలి. పొద్దున్నే మొదటి మూత్రం ఇస్తే మేలు. 30 లోపు ఉంటే మంచిదే. 30 దాటితే కంగారు వద్దు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బాగా ఒళ్లు అలిసిన రోజు కూడా పెరుగుతుంది. తగ్గాక మళ్లీ చేయించండి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయిస్తే కనీసం రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిర్ధారణ. అప్పటికి కాళ్ల వాపు ఉండదు, మూత్రం తగ్గదు, మనిషికి ఏమీ తెలియదు, చాప కింద నీరే. కానీ మందులు బాగా పనిచేసేది ఆ దశలోనే. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ లాంటి బీపీ బిళ్లలు కిడ్నీని కూడా కాపాడతాయి. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు ఇంకొకటి. 2020లో దాని పేటెంట్ ముగిశాక మన దగ్గర జనరిక్ రూపంలో ధర బాగా దిగింది. ఇవి నాకు సరిపడతాయా అని డాక్టరును అడగండి. పక్కింటాయన వాడుతున్నాడని మీరే కొనుక్కోకండి. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు మూత్రం దగ్గర దురద, ఫంగస్ వస్తుంటాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు దాన్ని ఆపాల్సి ఉంటుంది, మెట్‌ఫార్మిన్ సంగతీ అంతే, వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

ఇక నొప్పి బిళ్లలు. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కొనుక్కుని నెలల తరబడి మింగడం, నడుం పట్టేసిందని ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం షుగర్ ఉన్న కిడ్నీకి మనం చేతులారా చేసే అపకారం. నొప్పికి పారాసిటమాల్‌తో మొదలుపెట్టి, తగ్గకపోతే మీరు ఖాయం చేసుకున్న డాక్టరునే అడగండి. "వారంలో మోకాళ్లు మాయం" అనే పేరులేని పొడుల జోలికి అసలు వెళ్లొద్దు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. నొప్పి నిజంగానే మాయమవుతుంది, షుగర్ మాత్రం ఆకాశానికి వెళ్తుంది.

5. కళ్లు: అద్దాల షాపు పరీక్ష వేరు

గోడ మీద అక్షరాలన్నీ చదివేసినా లోపల రెటీనాలో రక్తనాళాలు చిట్లుతూ ఉండొచ్చు. షుగర్ బయటపడిన ఏడాదే ఒకసారి, తర్వాత ఏటా, కంట్లో చుక్కలు వేసి గానీ ఫండస్ కెమెరాతో గానీ చూపించుకోవాలి. హెల్త్ సెంటర్‌లో చీటీ రాయించుకుని ప్రభుత్వ పెద్దాస్పత్రి (జీజీహెచ్) కంటి విభాగానికి వెళ్లొచ్చు. గుంటూరు వైపు పెదకాకానిలోని శంకర కంటి ఆస్పత్రి, విజయవాడ వైపు తాడిగడపలోని ఎల్‌వీ ప్రసాద్ ఉన్నాయి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి మీరు నడుపుకుంటూ వెళ్లొద్దు, తోడు తీసుకెళ్లండి, నల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు.

6. పాదాలు: ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి

ఆస్పత్రిలో డాక్టరు 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ దారంతో పాదం మీద గుచ్చి స్పర్శ చూస్తారు. అది లేకపోయినా ఇంట్లో వేలితోనే చేసే పరీక్ష ఒకటుంది. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో వైద్యులు రూపొందించారు. ఇలా చేయండి.

అమ్మనో నాన్ననో మంచం మీద పడుకోబెట్టి చెప్పులు, మేజోళ్లు తీసేయండి. ఏది కుడి, ఏది ఎడమ అని కాలు తట్టి చెప్పి, కళ్లు మూసుకోమనండి. ఏ కాలికి తగిలితే ఆ కాలి పేరు చెప్పాలి. మీ చూపుడు వేలి కొసతో కుడి బొటనవేలి చివర ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. నొక్కకూడదు, గోకకూడదు, తట్టకూడదు. తర్వాత కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. మొత్తం ఆరు చోట్లు. చెప్పలేకపోయిన చోట రెండోసారి తాకొద్దు, తెలియలేదనే రాసుకోండి. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఫైలులో తేదీ వేసి రాసి, ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతూ తిమ్మిర్లు ఉంటే బీ12 కూడా చూడమనండి. ఆ మందు బీ12ని తగ్గిస్తుంది, అది సూదులతోనో బిళ్లలతోనో సరయ్యేది.

స్పర్శ పోయినవాళ్లకు మన ఊళ్లలో కాళ్లు ఎక్కడెక్కడ కాలతాయో చూడండి. మేలో గుడి మెట్లు. స్కూటర్ సైలెన్సర్. పాత బస్సుల్లో డ్రైవర్ పక్కన ఇంజిన్ మూత మీద కాళ్లు పెట్టి కూర్చోవడం. తిమ్మిరి పోతుందని వేణ్నీళ్ల బకెట్లో కాళ్లు ముంచడం. నీళ్ల వేడి చూడాలంటే మోచెయ్యి ముంచి చూడాలి, కాలు పెట్టి కాదు. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకు ఒక మాట: పగిలిన మడమతో మిరపకాయల మధ్య తిరిగినా కాలు మండటం లేదంటే అది అలవాటు కాదు. నరం మొద్దుబారిందేమో చూపించుకోవాలి.

దసరా ముందు పాదాలు అన్నది ఇందుకే. ఇంద్రకీలాద్రి మీద దసరా రద్దీ, ఆ వెనకే కార్తీకంలో భవానీ దీక్షలు, అయ్యప్ప మాలలు. దీక్ష అంటే మండలం రోజులు చెప్పుల్లేకుండా తిరగాలి. వేలి పరీక్షలో స్పర్శ బాగానే ఉన్నవాళ్లు కూడా డాక్టరుకు చూపించాకే మాల వేసుకోండి, రోజూ రాత్రి పాదాలు చూసుకోండి. స్పర్శ పోయినవాళ్లు, ఇదివరకు పుండు పడినవాళ్లు వట్టి కాళ్లతో దీక్ష చేయడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. మీ గురుభవానితోనో గురుస్వామితోనో ముందే మాట్లాడండి. ఆరోగ్యం బాలేదంటే గుడ్డ చెప్పులకు ఒప్పుకునేవాళ్లున్నారు. గుడికి మామూలుగా వెళ్లేటప్పుడు మందపాటి కాటన్ మేజోళ్లు ఒక జత గుడి కోసమే అట్టిపెట్టుకోండి, మధ్యాహ్నం ఎండలో వెళ్లకండి.

రోజూ చేసేది ఇదీ. రాత్రి పడుకునేముందు వెలుతురులో కూర్చుని రెండు పాదాలూ చూడాలి. అరికాలు కనపడకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి, కళ్లు ఆననివాళ్లకు మనవడో మనవరాలో చూడాలి. వేళ్ల సందుల్లో పాసింది ఉందా, ఎక్కడైనా ఎర్రబడిందా, బొబ్బ ఉందా, ముల్లు దిగిందా? ఆనెల్ని బ్లేడుతో కోయొద్దు, షాపులో దొరికే ఆనె పట్టీలు వేయొద్దు, వాటిలోని యాసిడ్ మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. మడమలకు కొబ్బరినూనె రాయండి గానీ వేళ్ల సందుల్లో రాయకండి, అక్కడ పొడిగా ఉండాలి. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, మూలలు తవ్వకూడదు. పల్లెల్లో, పాత ఇళ్లలో రాత్రి ఎలుక కొరికినా తెలియనివాళ్లు ఉంటారు. తినుబండారాలు పక్క దగ్గర పెట్టుకోకుండా, దోమతెర కట్టుకుని పడుకోండి.

చెప్పులు ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అడుగువి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. వేళ్ల మధ్య దూర్చే హవాయి చెప్పు స్పర్శ లేని కాలి నుంచి జారిపోయినా మనిషికి తెలియదు. సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఇంట్లో తిరగడానికీ ఒక జత. వేసుకునేముందు తిరగేసి దులపడం అలవాటు చేసుకోండి. చుట్ట, సిగరెట్ మానకపోతే ఇన్ని జాగ్రత్తలూ సగమే పనిచేస్తాయి, కాలికి రక్తం అందాలి కదా.

7. తిండి, ఉపవాసం, షుగర్ పడిపోవడం

తిండి గురించి యూట్యూబ్ నిండా ఉంది కాబట్టి పొడిగించను. అన్నం కొలిచి పెట్టుకోండి, కంచంలో సగం కూర, ఆకుకూర ఉండాలి, పప్పో గుడ్డో చేపో తప్పనిసరి. రాగి జావ షుగర్‌కి మందు అనుకుని గ్లాసులకు గ్లాసులు తాగేవాళ్లకు ఒక్క మాట, జావ కాస్తే అది తొందరగా అరిగి షుగర్ పెంచేస్తుంది. కారం వల్ల షుగర్ పెరగదు గానీ ఆవకాయ, గోంగూర పచ్చళ్లలోని ఉప్పు బీపీని వదలదు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి, వేసవిలో ఆరింటికి ముందే.

కార్తీక సోమవారాలు, రంజాన్ రోజాలు ఉండేవాళ్లు ఒక నెల ముందే డాక్టరుతో మందుల వేళలు మార్పించుకోండి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్ వాడుతూ తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. ఉపవాసంలో 70 లోపుకి దిగినా, 300 దాటినా విరమించాల్సిందే.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు వస్తే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు మళ్లీ షుగర్ చూడండి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. పంచదారైనా పనిచేస్తుంది గానీ, వోగ్లిబోజ్ ఉన్న బిళ్లలు వాడేవాళ్లకు పంచదార ఆలస్యంగా ఎక్కుతుంది, వాళ్లకు గ్లూకోజే ఇవ్వాలి. మన దగ్గర చాలా కాంబినేషన్ బిళ్లల్లో వోగ్లిబోజ్ ఉంటుంది, స్ట్రిప్ వెనక చూసుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

8. ఇన్సులిన్‌కి మన ఎండ పడదు

వాడని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు, డోర్ పైఅరలో అయితే గడ్డకట్టే భయం ఉండదు. తెరిచినదాన్ని చాలా రకాలకు 28 రోజులు బయట ఉంచొచ్చు అంటారు గానీ, ఆ బయట అన్నది 25, 30 డిగ్రీల మాట. బెజవాడ మే నెలలో అది ఇంటి లోపల కూడా కుదరదు. కరెంటు పోతున్నప్పుడో, ఫ్రిజ్ లేనప్పుడో మట్టి కుండ పనికొస్తుంది. పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, అందులో చిన్న కుండ దింపి, ఇన్సులిన్‌ను మూత బిగిసే డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచండి. పైన తడిగుడ్డ కప్పి నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. ఇసుక ఆరకుండా చూసుకోవాలి. సీసా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాయండి.

సీసా ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా 40 యూనిట్ల రకం. దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల రకానికి నారింజ మూత. తారుమారైతే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. షాపులో ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చుకోకుండా సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ చదివి సరిపోల్చండి. పొట్ట మీద ఒకేచోట పొడిస్తే గడ్డ కడుతుంది, మందు సరిగ్గా ఎక్కదు, రోజూ చోటు మార్చండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అలాంటి సమయంలో మందులు ఇంట్లో ఉన్నా చేతికందవు. రెండు వారాల బిళ్లలు, గ్లూకోజు ప్యాకెట్, ఫైలులోని రెండో పేజీ జిరాక్సు జిప్ కవర్లో వేసి అటక మీద పెట్టండి. మూణ్ణెల్లకోసారి ఆ బిళ్లలు వాడేసి కొత్తవి పెట్టండి.

9. హెల్త్ సెంటర్ దాటి వెళ్లాల్సినప్పుడు

కాలి పుండు ఎర్రబడి, వాసన వచ్చి, చుట్టూ వాచి, వేలు నల్లబడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కంటి ముందు ఉన్నట్టుండి నల్ల చుక్కలు, తెరలు పడినా అంతే. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా వస్తుంది. ఊరికే చెమటలు పట్టి ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగించొద్దు. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, షుగర్ బాగా పెరిగి వాంతులు ఆగకపోవడం, వీటన్నిటికీ 108. విజయవాడ జీజీహెచ్, గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ అందుబాటులో ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఫైలు పట్టుకెళ్లి హెల్ప్ డెస్క్ దగ్గర ముందే చెప్పండి. తగ్గి ఇంటికొచ్చాక డిశ్చార్జ్ కాగితం మీ హెల్త్ సెంటర్ డాక్టరుకు చూపించడం మాత్రం మరవకండి. పెద్దాస్పత్రిలో మార్చిన మందులు, ఇంట్లో ఉన్న పాత మందులు కలిపి మింగేయడం సరిగ్గా అప్పుడే జరుగుతుంది.

10. సెంటర్‌లో పనిచేసేవాళ్లూ, కాలనీవాళ్లూ చేయగలిగేది

మీరే ఏఎన్‌ఎమ్మో స్టాఫ్ నర్సో అయితే పెద్ద బడ్జెట్ లేకుండానే కొన్ని మారుతాయి. ఓపీ లైనులో కూర్చున్న షుగర్ పేషెంట్లను చెప్పులు విప్పి కూర్చోమనండి, డాక్టరు దగ్గరకు వచ్చేసరికి పాదాలు చూసేసి ఉంటారు. నెలాఖరున రిజిస్టర్ తిరగేసి, మందులకు రానివాళ్ల పేర్లు ఎర్ర పెన్నుతో రాసి ఆశాలకు పంచండి. వచ్చేవాళ్ల షుగర్ ఎలాగూ తెలుస్తుంది, కాళ్లు పోయేది రాకుండా ఆగిపోయినవాళ్లకే. వేలి పరీక్ష నేర్పడానికి ఆశాలకు అరగంట చాలు. దగ్గు రెండు వారాలు దాటిన షుగర్ పేషెంటుకు కళ్లె పరీక్ష రాయించండి, షుగర్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ.

కాలనీవాళ్లు సెంటర్‌లో ఏసీఆర్ చేయట్లేదనో, నెలకు సరిపడా బిళ్లలు ఇవ్వట్లేదనో అనిపిస్తే కౌంటర్ దగ్గర అరవడం వల్ల ఏమీ రాదు. అక్కడున్న సిస్టరు చేతిలో ఉన్నది ఆమె ఇస్తుంది. మెడికల్ ఆఫీసరును కలిసి ఏది లేదో, ఏ తేదీల్లో లేదో కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కదలిక లేకపోతే 104 ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్ఎస్‌లో అర్జీ పెట్టండి. ఒక్కరు వెళ్లేకంటే ఒకే వీధి నుంచి పదిమంది పేర్లతో, ఆధార్ జిరాక్సులు జతచేసి పెడితే పని తొందరగా కదులుతుంది. అర్జీలో "మందులు సరిగ్గా ఇవ్వట్లేదు" అని మాత్రమే రాయకండి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ నెల నుంచి రావడం లేదో మీ ఫైలు చూసి రాయండి.